ఇంటిపని అంటే ఏ పని?

గత రంజాన్ మాసంలో ఒకనాడు అస్ర్ నమాజు ముగిశాక మదరసా వరండాలో కూర్చుని ఉండగా, మాకు చాలా కాలంగా పరిచయమున్న ఒక పెద్దమనిషి వచ్చి ఒక మస్అలా అడిగారు. వారి ఇంట్లో పనిచేసే స్త్రీ నెల పూర్తి కాకుండానే పని మానుకొని వెళ్ళిపోయిందట. బాత్‌రూములు కడగమంటే కడగనన్నదట. "హజ్రత్, చెప్పిన పని చేయకుండా మధ్యలో వెళ్ళిపోయిన మనిషికి జీతం ఇవ్వవలసి ఉంటుందా?" అన్నది వారి ప్రశ్న. ఇఫ్తార్ వేళ దగ్గర పడుతోంది. పిల్లల ఏర్పాట్లు చూసుకోవలసిన తొందర మాకుంది. ఒప్పుకున్న పని చేయకుండా మానివేసిన వారికి ఆ పని తాలూకు జీతం రాదని ఒక్క మాటలో చెప్పి లేచాము. వారు సంతోషంగా సలాం చెప్పి వెళ్ళిపోయారు.

మూడు రోజుల తరువాత ఆ స్త్రీ మా ఇంటికి వచ్చింది. ఆమె ముస్లిమేతర సోదరి. మా వీధిలో రెండు ఇళ్ళలో పనిచేస్తుంది గనుక మా శ్రీమతికి ముఖపరిచయం ఉంది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. తలుపు వారగా నిలబడి అడిగింది. "జీతం ఇచ్చే పనిలేదని మీరే చెప్పినారంట గదా సామీ?"

మేము చెప్పింది అది కాదు. కానీ ఆ ఇంటికి చేరింది అదే. ఆమెను కూర్చోమని, మొదటి నుండి చెప్పమన్నాము.

"మూడు పనులకే ఒప్పుకొనింది సామీ. కసువు కొట్టేది, బోకులు తోమేది, బండలు తుడిచేది. నెలకు మూడు వేలు. ఆ తర్వాత బీబమ్మ కూతురు కాన్పుకొచ్చినాది. పసిబిడ్డ గుడ్డలు పిండమనినారు. పచ్చి బాలింత గదా అని పిండినాను. మిద్దెపైన కొడుకు కాపురం పెట్టినాడు. ఆడ కూడా కసువు కొట్టమనినారు, కొట్టినాను. ఇప్పుడు పండగకు చుట్టాలొస్తారు, మూడు బాత్‌రూములు కడుగు అనినారు. అది నేను చెయ్యను అనినాను. ఇంటిపనంటే ఇంటిపనే గదా, ఈ పని నీది గాదా అనింది బీబమ్మ."

ఇరవై నాలుగు రోజులు పనిచేసి ఆమె మానుకుంది. ఆ ఇరవై నాలుగు రోజుల జీతమే అడుగుతోంది. మా దగ్గరకు వచ్చిన పెద్దమనిషి ఈ లెక్క చెప్పలేదు. మేమూ అడగలేదు.

దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని న్యాయనిర్ణేతగా యమన్‌కు పంపుతూ, వాదులు ఇద్దరు నీ ఎదుట కూర్చున్నప్పుడు రెండవవాని మాట కూడా వినేదాకా తీర్పు చెప్పవద్దని బోధించిన సంగతి హదీసు గ్రంథాలు చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ పాఠాన్ని ఎన్నో ఏళ్ళుగా మేమే చెబుతూ వచ్చాము. ఏటా హిదాయాలో ఇజారా అధ్యాయం, అంటే కూలికి, అద్దెకు సంబంధించిన ఒప్పందాల అధ్యాయం బోధిస్తాము. గ్రంథంలో కనబడే ఒంటెను, దర్జీని, చాకలిని వెంటనే గుర్తుపడతాము. అదే మస్అలా బాత్‌రూము బ్రష్షు రూపంలో మన గుమ్మం ముందుకు వస్తే గుర్తుపట్టలేకపోయాము.

ఆ అధ్యాయంలోని మూలసూత్రం సులువైనదే. పని ఏమిటో తెలిసి ఉండాలి, కూలి ఎంతో తెలిసి ఉండాలి. ఈ రెంటిలో ఏది అస్పష్టంగా ఉన్నా అది తగాదాకు దారి తీస్తుంది గనుక ఒప్పందం చెడిపోతుందని హనఫీ ఫుఖహాలు వివరించారు. ఒప్పందం చెడిపోయినా చేసిన శ్రమ వృథా పోదు. అటువంటి పనికి ఆ ఊళ్ళో ఇచ్చే ఉజ్రత్ ఇచ్చి తీరాలి. మన ఇళ్ళలో పనిమనిషిని మాట్లాడుకునే తీరు చూడండి. జీతం దగ్గర వంద రూపాయలకు అరగంట బేరం జరుగుతుంది. పని సంగతి వచ్చేసరికి "మామూలు ఇంటిపనేలే, పెద్దగా ఏముంది" అన్న మాటతో ముగుస్తుంది. ఆ "మామూలు" అన్న మాటలో ఇల్లాలికి ఒక చిత్రం కనబడుతుంది, పనిచేసే స్త్రీకి మరొకటి కనబడుతుంది. ఒకరికి వాకిలి మెట్లు కూడా అందులోవే, మరొకరికి గుమ్మం లోపలిదే ఇల్లు. ఒకరికి బోకులంటే ఆ పూట తిన్న పళ్ళాలు, మరొకరికి అటకమీది ఇత్తడి డేగిసాలు కూడా.

నోటితో చెప్పకపోయినా వాడుకలో ఉన్నది షరతు పెట్టినదానితో సమానమేనని షరీఅత్ పండితులు ఒక నియమం చెప్పారు. గృహస్థులు ఈ నియమాన్ని తరచుగా ఆసరా చేసుకుంటారు. అయితే వాడుక అన్నది ఆ ఊరి వాడుక కావాలి, మన ఇంటి కోరిక కాదు. మా ఊళ్ళో మేము నలుగురిని విచారించాము. ఊడ్చడం, తుడవడం, అంట్లు తోమడం ఒక జట్టు. బట్టలు ఉతకడానికి వేరుగా మాట్లాడుకుంటారు. బాత్‌రూములకు వేరుగా అడుగుతారు, లేదా ఒప్పుకోరు. ఆ స్త్రీ చెప్పింది వాడుకకు సరిగ్గా సరిపోయింది.

బాత్‌రూముల విషయంలో మరొక మాట చెప్పాలి. మరుగుదొడ్డి పనిని కొన్ని కులాల నెత్తిన రుద్ది, ఆ మనుషులను దూరంగా నిలబెట్టిన చరిత్ర ఈ నేలకు ఉంది. ఆ పని చేయనని ఒక స్త్రీ అన్నప్పుడు అది బద్ధకం కాదు. ఆ మచ్చ తన మీద, తన పిల్లల మీద పడకూడదన్న భయం. మరి మనమో? తహారత్‌ను విశ్వాసంలో సగభాగంగా నేర్చుకున్న వాళ్ళం. వుజూ నీళ్ళు మోచేతుల దాకా చేరాయా లేదా అని జాగ్రత్తపడే మనకు మన మరుగుదొడ్డిని మనమే కడుక్కోవడం ఎందుకు చిన్నతనమైందో మాకు అర్థం కాదు. మహాప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, వారు ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చెప్పులు బాగు చేసుకోవడం, బట్టలు కుట్టుకోవడం కూడా ఉల్లేఖనాల్లో ఉంది. మన ఇళ్ళలో ఇరవై ఏళ్ళ కొడుకు తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టడు.

రంజాన్‌లో ఈ తగాదాలు ఎక్కువవుతాయి. దానికి కారణాలు వెతకనవసరం లేదు. సహరీ అంట్లు ఒకటి, ఇఫ్తార్ అంట్లు ఒకటి. బంధువులకు దావతులు. బజ్జీల నూనె పట్టిన బాణలి, హలీం అడుగంటిన గిన్నె. జీతం మాత్రం షాబాన్‌లో ఎంతో రంజాన్‌లోనూ అంతే. దీనికి తోడు మరొక వింత. ఫజ్ర్ తరువాత ఇల్లంతా నిద్రపోతుంది. ఏడింటికి పనిమనిషి వచ్చి తలుపు తడుతుంది. పది నిమిషాలు నిలబడి, తక్కిన ఇళ్ళకు ఆలస్యమవుతుందని వెళ్ళిపోతుంది. లేచిన తరువాత ఇల్లాలు క్యాలెండర్‌లో ఆ రోజుకు సున్నా చుడుతుంది. నాగా! ఇది మేము ఊహించి రాస్తున్నది కాదు. ఈ పంచాయతీలోనే మా ముందుకు వచ్చింది.

పనిచేసే గంటల గురించి కూడా ఫిఖహ్‌లో ఒక చక్కని విభజన ఉంది. తన కాలాన్నంతా ఒక్కరికే అప్పగించిన పనివాడు ఒక రకం. పలువురి పనులు చేసిపెడుతూ ఒక్కొక్క పనికి కూలి తీసుకునేవాడు మరొక రకం. నాలుగైదు ఇళ్ళు తిరిగే పనిమనిషి రెండవ కోవకే దగ్గరని మా అభిప్రాయం. ఆమె ఒప్పుకున్న మూడు పనులు చక్కగా ముగించాక, అది నలభై నిమిషాల్లో అయినా సరే, "ఇంకా టైముంది కదా, ఈ అల్లం వెల్లుల్లి వలిచిపెట్టు" అనడానికి మనకు హక్కు లేదు. అడగవచ్చు. అడగడం వేరు, హక్కుగా చెప్పడం వేరు.

ఈ తేడాను ఖుర్ఆన్‌లోని ఖసస్ సూరా ఎంత స్పష్టంగా చూపుతుందో చూడండి. హజ్రత్ మూసా (అలై) పరదేశిగా మద్‌యన్ చేరినప్పుడు ఆ వృద్ధుడు ఆయనను పనిలోకి తీసుకున్నారు. ఎనిమిది సంవత్సరాలు ఒప్పందం. పది పూర్తి చేస్తే అది నీ ఇష్టం, నీ తరఫు మేలు అన్నారు. నీకు కష్టం కలిగించాలని నాకు లేదని కూడా అన్నారు. మూసా (అలై) కూడా, రెండు గడువుల్లో ఏది పూర్తి చేసినా నా మీద ఒత్తిడి ఉండరాదని తన షరతు తాను చెప్పుకున్నారు. పని ఇచ్చేవాడు, చేసేవాడు ఇద్దరూ మాట్లాడారు. ఇద్దరూ అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. చివరికి ఆయన ఎక్కువ గడువునే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఆ స్త్రీ పసిబిడ్డ గుడ్డలు పిండింది కూడా ఇటువంటి మేలే. చేసిన మేలును మరుసటి నెల బాధ్యతగా మార్చేయడమే మన ఇళ్ళలో జరుగుతున్నది.

గృహిణుల ఫిర్యాదులు కూడా అబద్ధాలు కావు. స్త్రీల ఇజ్తిమాలో ఈ విషయం ఎత్తితే గంటసేపు ఆగలేదని మా శ్రీమతి చెప్పారు. కబురు లేకుండా నాగా పెట్టడం, అది కూడా ఇంటికి అతిథులు వచ్చిన రోజే. అయిదు వేలు అడ్వాన్సు తీసుకుని పక్క వీధిలో పనికి కుదరడం. సబ్బు నురగ పోకుండానే గిన్నెలు బోర్లించడం. తడిగుడ్డ నడిమధ్యన తిప్పి మూలలు వదిలేయడం. పైన చెప్పిన సూరాలోనే, పనిలో పెట్టుకోవడానికి ఉత్తముడు బలం, నమ్మకం రెండూ ఉన్నవాడని ఆ వృద్ధుని కుమార్తె చెప్పిన సంగతి ఉంది. జీతం తీసుకునే వారి మీద అమానత్ ఉంటుంది. అడ్వాన్సు అప్పే, అది తీర్చవలసినదే. మంచి పని కోరడం గృహస్థుని హక్కు. కాని ఒకటి గమనించాము. పనిమనిషి తప్పు చేస్తే అది వెంటనే ఆ నెల జీతంలో కనబడుతుంది. గృహస్థుని తప్పు ఎక్కడా కనబడదు.

మా ఇంటి సంగతి కూడా చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం మా తల్లిగారు ఎనిమిది నెలలు మంచం పట్టారు. అప్పుడు మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే స్త్రీ, అడగకముందే పక్కగుడ్డలు మార్చేది. అమ్మను ఒక ప్రక్కకు ఒత్తిగిలించేది, తల దువ్వేది. మేము దాన్ని ప్రేమ అనుకున్నాము. నిజంగా ప్రేమే. కాని ఎనిమిది నెలలూ ఆమెకు ఇచ్చింది మాత్రం అంట్ల జీతమే. ఆమె అడగలేదు, మాకు తోచలేదు. అమ్మ పోయిన ఏడాదికి ఆమె కువైట్ వెళ్ళింది. లెక్క మాకు ఆ తరువాత గుర్తొచ్చింది. గుహలో చిక్కుకున్న ముగ్గురి హదీసులో ఒకడు, కూలి తీసుకోకుండా వెళ్ళిపోయిన పనివాడి సొమ్మును వృద్ధి చేసి, ఏళ్ళ తరువాత అతడు తిరిగివస్తే పశువుల మందగా అప్పగించాడు. మేము అంతటివారము కాము. ఆమె కుమారుని పిలిచి కొంత సొమ్ము చేతిలో పెట్టాము. లెక్క తీరిందని చెప్పలేము.

కువైట్ మాట వచ్చింది గనుక ఒక మాట. కడప, రాయచోటి ప్రాంతాల నుండి, కోనసీమ నుండి వేలమంది స్త్రీలు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళారు. అక్కడ వారిని ఖద్దామా అంటారు. వారిలో మన ఆడబిడ్డలూ ఉన్నారు. సెలవులో వచ్చినప్పుడు వారు చెప్పే కష్టాల్లో తరచుగా వినిపించేది, వీసా ఒక ఇంటికి, పని రెండు ఇళ్ళకు అన్నది. కఫీల్ ఇంట్లో పని ముగిశాక అతని కూతురి ఇంటికి, అత్తగారి ఇంటికి పంపుతారు, జీతం మాత్రం ఒకటే. 2015లో కువైట్ ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేసి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒక విశ్రాంతి దినం, ఏడాదికొకసారి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని విధించింది. అమలు ఎలా ఉందన్నది వేరే విషయం. ఆ కష్టాలు విని మనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటాము. మిద్దెమీద కొడుకు కాపురం కూడా ఊడ్చి రమ్మని మన పనిమనిషికి చెబుతాము. ఈ రెంటికీ దూరం ఎంత?

మన దేశంలో ఇంటిపనివారికంటూ సమగ్రమైన కేంద్ర చట్టం నేటికీ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించింది. ఏ పని, ఎన్ని గంటలు, ఎంత జీతం, ఎన్ని సెలవులు అన్నది పనివారికి అర్థమయ్యే రీతిలో ముందే తెలియజేయాలని, వీలైతే వ్రాతపూర్వకంగా ఉండాలని అందులో ఉంది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, వీరి రక్షణకు చట్టం చేసే విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చినప్పుడు వస్తుంది. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాని మీద ప్రళయదినాన తానే వాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించిన హదీసె ఖుద్సీ బుఖారీ గ్రంథంలో ఉండనే ఉంది. దానికి మనకు ఏ కమిటీ అక్కరలేదు.

తిండి విషయం కూడా ఈ తగాదాల్లో దాగి ఉంటుంది, పైకి రాదు. నిన్నటి అన్నం, మొన్నటి సాలన్ కవర్లో పోసి ఇచ్చి, "జీతం కాక తిండి కూడా పెడుతున్నాం" అని లెక్కలో వేసుకునే ఇళ్ళు ఉన్నాయి. వంటింటి కిటికీలో ప్రత్యేకంగా ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. టీ దానిలోనే. ఈ అలవాటు మనకు ఎక్కడి నుండి వచ్చిందో అందరికీ తెలుసు, ఇస్లాం నుండి మాత్రం కాదు. హజ్రత్ అబూజర్ (రజి) ఒక మనిషిని అతని తల్లి పేరెత్తి కించపరిచినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) మందలించారు. మీ చేతికింద ఉన్నవారు మీ సోదరులని, మీరు తినేదే పెట్టమని, తొడిగేదే తొడిగించమని, శక్తికి మించిన పని చెప్పవద్దని, చెబితే మీరూ చేయి వేయమని బోధించారు. తరువాతి కాలంలో రబజాలో అబూజర్ (రజి)ని చూసినవారికి ఆయన ఒంటిమీద, ఆయన సేవకుని ఒంటిమీద ఒకే రకం వస్త్రం కనిపించింది.

ఇక మా పంచాయతీ సంగతి. ఆ రాత్రి తరావీహ్ తరువాత మేమే ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళాము. మా జవాబు తప్పు అని చెప్పాము. "మీరే కదా హజ్రత్ చెప్పింది!" అన్నారు. మేము చెప్పాము, వినకుండా చెప్పాము, అందుకే వచ్చాము అన్నాము. వారు కొంతసేపు మౌనంగా ఉండి, "పోనీ, పండుగకు ఫిత్రాలో ఆమెకు కొంత ఇప్పిస్తాములే" అన్నారు. ఆ మాటకు మాకు నిజంగా బాధ కలిగింది. కూలిని ఫిత్రాతోనో జకాత్‌తోనో తీర్చడానికి షరీఅత్‌లో దారి లేదు. ఆమె సొమ్మును ఆమెకే దానం చేసి పుణ్యం రాసుకోవడం ఎలా కుదురుతుంది? ఇది కాస్త గట్టిగానే చెప్పాము. లోపలి నుండి ఇల్లాలు, ఆమె రెండు నాగాలు పెట్టిందని క్యాలెండర్ పంపారు. మా ముందు క్యాలెండర్ చూడడం పెద్దమనిషికి ఇబ్బంది అయిందేమో, నాగాలు కోయకుండానే 2,400 రూపాయలు కవర్లో పెట్టి మా చేతికిచ్చారు.

మరునాడు మేము, మా శ్రీమతి వెళ్ళి ఆమెకు అందజేశాము. ఆమె నోట్లు లెక్కపెట్టుకుని, ఒక వంద నోటు తీసి తిరిగి ఇచ్చింది.

"ఒక దినము పిల్లోనికి జ్వరమొచ్చి రాలేదు సామీ. అది నా నాగానే. ఇంకొక దినము నేను పోయినాను. తలుపు తియ్యలే."

ఉంచుకోమని మా శ్రీమతి ఎంత చెప్పినా వినలేదు. ఆ వంద తీసుకువెళ్ళి ఇచ్చాము. జరిగింది చెప్పాము. పెద్దమనిషి నోటు అందుకుని జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

ఆమె తిరిగి ఆ ఇంట్లో పనికి చేరలేదు. పక్క వీధిలో మరొక ఇల్లు దొరికింది. షవ్వాల్‌లో ఆ ఇంటివారు వేరొకరిని మాట్లాడుకుంటూ, ముందుగా ఒక కాగితం మీద రాసి, చూడమని మాకు పంపారు. క్రింది వాటా ఊడ్చడం, తుడవడం, అంట్లు. మిద్దె పైది వేరు, దానికి జీతం వేరు. బాత్‌రూములు ఇంటివారివే. నెలకు నాలుగు సెలవులు, రాకపోతే ముందురోజు ఫోను. విందు జరిగిన రోజుకు ఇంత అని అదనం. అడ్వాన్సు ఇస్తే నెలకు ఎంత కోస్తారో. ఆమెకు చదువు రాదు గనుక చదివి వినిపించాలని కూడా రాసుకున్నారు. మేము అక్షర దోషాలు రెండు దిద్ది, కింద ఒక వాక్యం చేర్చి పంపాము: రంజాన్‌లో తలుపు ఏడింటికి తీయబడుతుంది.